రేకుల కప్పు మీద నల్ల టేపు

మా కంపెనీ ఈమధ్య వార్షికోత్సవ సంచిక వేసింది. పాత ఉద్యోగుల చేత జ్ఞాపకాలు రాయించారు. రెండేళ్ళు కూడా పని చేయకుండా వెళ్ళిపోయినవాళ్ళు రాశారు. క్యాంటీన్ నడిపినాయన చేత రెండు పేజీలు రాయించారు, ఆయన బాగానే రాశాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. మరచిపోయారని అనుకోవడానికి వీల్లేదు. నేను రిటైరై ఏడాది కాలేదు, ఈలోగా నెలకో ఈమెయిల్ చొప్పున రాస్తూనే ఉన్నాను. అడిగితే ఏం రాస్తానో వాళ్ళకు తెలుసు. అందుకే అడగలేదని నా అనుమానం.

అడగకపోయినా రాస్తున్నాను. ఉపగ్రహ చిత్రాల పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదివితే చాలు. మీ సీనియర్లు మీకు సాఫ్ట్‌వేర్ నేర్పుతారు. ఒక రేకుల షెడ్డు మమ్మల్ని ఎలా మోసం చేసిందో నేర్పరు.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. చివరి తొమ్మిదేళ్ళు హైటెక్ సిటీలో ఒక ప్రైవేటు సంస్థలో. ఉపగ్రహం పంపే థర్మల్ చిత్రాల నుంచి నేల ఎక్కడ ఎంత వేడెక్కిందో లెక్కగట్టి పటం గీయడం మా పని. నేను చేరినప్పుడు కిటికీ పక్కన సీటిచ్చారు. చివరి ఏడాది ప్రింటర్ పక్కకు మార్చారు. కారణం అడిగితే "సీటింగ్ ప్లాన్ సార్" అన్నారు. ఆ ప్లాన్ కాగితం చూపించమన్నాను, చూపించలేదు. అది వేరే సంగతి.

గత ఏడాది శివరాత్రి వెళ్ళాక ఒక పని వచ్చింది. ఐటీ కారిడార్‌లోని కంపెనీలు కొన్ని కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డాయి. సేవా కార్యక్రమం కింద ఎండాకాలం ముదరకముందే, బాగా వేడెక్కే చోట్ల ఇళ్ళ కప్పులకు ఎండను తిప్పికొట్టే తెల్లపూత వేయిస్తామని, నీడకు పందిళ్ళు వేయిస్తామని ముందుకొచ్చారు. ఎక్కడెక్కడ వేయాలో పటం చూసి నిర్ణయిస్తారు. ఆ పటం మేం ఇవ్వాలి. ఎర్రగా ఉన్న చోటు జాబితాలోకి వస్తుంది. నీలంగా ఉన్న చోటు రాదు. అంతే.

పటం తయారైంది. మా టీమ్ లీడ్ దాన్ని గోడ మీది పెద్ద తెర మీద పెట్టాడు. అతనిది విజయవాడ. ముప్పై రెండేళ్ళుంటాయి. తెలివైనవాడే, కాదనను. కాని నేను మాట్లాడుతుంటే ఫోన్ చూసేవాడు. తెర మీద రోడ్లు ఎరుపు, పార్కింగ్ కప్పులు ఎరుపు, చెట్టు లేని బండలు ముదురు ఎరుపు. మణికొండ అవతల మాత్రం కొత్తగా కడుతున్న టవర్ల వెనక ఒక నీలం మచ్చ. చిన్నదేం కాదు, రెండు మూడు క్రికెట్ మైదానాలంత. అంచులు గీత గీసినట్టున్నాయి.

"అక్కడ చెరువేమైనా ఉందా, బాబూ?" అన్నాను.

"ఉండే ఉంటుందండి," అన్నాడు ఫోన్ చూస్తూ.

అప్పుడే టీ కప్పులు తీయడానికి మా హౌస్‌కీపింగ్ ఆమె వచ్చింది. పాలమూరు వైపు మనిషి. భర్త ఆ టవర్ల దగ్గరే మేస్త్రీ పని చేస్తాడు. ట్రే పట్టుకునే తెర ముందు ఆగిపోయింది.

"సారూ, గిది మా దిక్కు కాదా? గీ వంకర రోడ్డు, గీ రెండు టవర్లు... గీడనే మా రేకులు."

"నీలంగా ఉన్నదే మీ క్యాంపా?"

"అవ్ సారూ. నీలం అంటే ఏంది?"

"చల్లగా ఉందని."

ఆమె ట్రే బల్ల మీద పెట్టి నవ్వింది. "మా రేకులు సల్లగనా? మంచిగ జెప్తున్రు సారూ! పగటిపూట లోపల కూసుంటే పేలాలేగినట్టు ఏగుతం. మా పిల్ల కాన్పుకొచ్చింది. మనుమరాలు పుట్టి ఇరవై దినాలు. లోపల పండవెడ్తే ఒళ్ళంత పొక్కులొస్తున్నయని బయట యాపచెట్టుకు ఉయ్యాల గట్టినం. నీడ ఎటు వోతే ఉయ్యాల అటు జరుపుడే. ఒక్కతే చెట్టు, నాలుగొందల ఇండ్లు."

టీమ్ లీడ్ తల ఎత్తి, "సరేనమ్మా, కప్పులు తీసుకెళ్ళు," అన్నాడు.

నాకు ఆ క్షణంలోనే అనుమానం పుట్టింది. ఆ టవర్లు కట్టే బిల్డరు ఆ సంఘంలో సభ్యుడు. తన కూలీల క్యాంపు కారిడార్‌లోకెల్లా వేడి చోటు అని పటంలో తేలితే ఎవరికి చెడ్డపేరు? సంఘం ప్రతినిధి వారానికి రెండుసార్లు మా టీమ్ లీడ్‌తో కలిసి కొండాపూర్‌లో భోజనం చేసేవాడు. పటంలో ఒక మచ్చకు రంగు మార్చడానికి ఎంతసేపు పడుతుంది?

సాయంత్రం అతని దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఆ మచ్చ ఎవరైనా చేత్తో మార్చారా?"

"ఏంటి సార్, అలా అడుగుతారు? లెక్క ఏం చెబితే అదేనండి. మనం చేత్తో మారిస్తే అది మోసం కాదాండీ?"

"అక్కడికెళ్ళి ఎవరైనా చూశారా?"

"టైమెక్కడుందండి? శుక్రవారం ప్రెజెంటేషన్. అయినా మీరు మే నెలలో రిటైరవుతున్నారు కదండి, ఇంకా ఎందుకండీ టెన్షన్?"

ఆ మాట తేదీతో సహా నా డైరీలో ఉంది.

మర్నాడు స్టోర్‌లో చేతి థర్మల్ కెమెరా అడిగాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టాలన్నారు, పెట్టాను. లీడ్ అనుమతి కావాలన్నారు. తొమ్మిదేళ్ళలో ఆ కెమెరాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, నేనడిగిన రోజే కావలసి వచ్చింది. అనుమతి వచ్చేదాకా స్టోర్ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అరగంటలో వచ్చింది. దారిలో ఒక ఎలక్ట్రికల్ షాపు దగ్గర బండి ఆపించి, కరెంటు పనివాళ్ళు తీగలకు చుట్టే నల్ల టేపు ఒక చుట్ట కొన్నాను.

ఆ టేపు ఎందుకో తెలియాలంటే, ఈ పనిలో ఒక్క సంగతి అర్థం కావాలి. ఉపగ్రహం నేలను ముట్టుకుని చూడదు. వేడెక్కిన ప్రతి వస్తువూ కంటికి కనబడని కిరణాలను బయటికి విడుస్తుంది. ఉపగ్రహం ఆ కిరణాలను కొలుస్తుంది, వేడి ఎంతో దాన్నిబట్టి మనం లెక్కగడతాం. కాని అన్ని వస్తువులూ ఒకేలా విడవవు. మట్టి, కాంక్రీటు, ఆకు, మనిషి చర్మం తమలోని వేడికి తగినంత విడిచిపెడతాయి. మెరిసే లోహం విడవదు, దాచుకుంటుంది. ఒకే పొయ్యి మీద కాగిన రెండు గిన్నెలు పక్కపక్కన పెట్టి కెమెరాతో చూడండి. మసి పట్టిన గిన్నె భగభగలాడుతూ కనిపిస్తుంది, తోమిన స్టీలు గిన్నె చల్లగా కనిపిస్తుంది. వేలు పెడితే రెండూ కాలుస్తాయి. పైగా మెరిసే లోహం అద్దం లాంటిది, తన వేడికి బదులు ఎదుట ఉన్నదాన్ని చూపిస్తుంది. పైకి తిరిగిన రేకుకు ఎదుట ఉండేది ఆకాశం. మబ్బులేని ఆకాశం ఈ కిరణాల లెక్కలో గడ్డకట్టేంత చల్లన.

అందుకని ఏ వస్తువు ఎంత ధారాళంగా విడుస్తుందో ఒక అంకెను లెక్కలో చేర్చాలి. దాన్ని మేం ఎమిసివిటీ అంటాం. పూర్తిగా విడిస్తే ఒకటి, ఏమీ విడవకపోతే సున్నా. మట్టికీ చెట్టుకూ ఒకటికి దగ్గర్లో ఉంటుంది. కొత్త రేకుకు చాలా తక్కువ. రేకుకు కూడా మట్టి అంకె వేస్తే, నిప్పుల కొలిమి కూడా మంచినీళ్ళ కుండలా కనిపిస్తుంది. నల్ల టేపు అంకె ఒకటికి దగ్గర. రేకు మీద అంటిస్తే రేకులోని వేడి అంతా దానికి ఎక్కుతుంది, అది మాత్రం దాచుకోదు.

ఉపగ్రహం మన నెత్తి మీదుగా వెళ్ళేది పొద్దున పదిన్నర ప్రాంతంలో. ఆ వేళకే క్యాంపుకు చేరాం. నాతో వచ్చింది మా కంపెనీ డ్రైవరు. మూసాపేటలో పుట్టి పెరిగినవాడు, నోరు ఊరుకోదు. వరసలు వరసలుగా షెడ్లు. చాలావరకు కొత్త రేకులు, కళ్ళు తెరవలేనంత మెరుపు. చివర ఒక వరస మాత్రం పాతవి, తుప్పు పట్టినవి. కెమెరా ఎత్తి చూశాను. తుప్పు రేకులు ఎర్రగా ఉన్నాయి. కొత్త రేకులు నీలం, మా పటంలో ఉన్న నీలమే. అయితే పటంలో రంగు ఎవరూ చేత్తో మార్చలేదన్నమాట. ఆ ముక్క నాకు అక్కడే తట్టి ఉండాల్సింది. కాని ఒకసారి పుట్టిన అనుమానం నాలో అంత తొందరగా చావదు. అంకె తప్పని తెలిసీ కావాలనే వదిలేశారు అనుకున్నాను.

డ్రైవరు క్యాంపులో ఉన్న నిచ్చెన ఒకటి తెచ్చి, ఎక్కి కప్పు మీద చెయ్యి పెట్టాడు. పెట్టీపెట్టగానే వెనక్కి గుంజుకున్నాడు.

"అమ్మో! సార్, మీ కెమెరా పొద్దుగాలనే తాగినట్టున్నది. ఏమంటది అది?"

"చల్లగా ఉందంటోంది."

"గట్లయితే దాన్నే వచ్చి ఈడ కూసోమనుర్రి."

ఒక జానెడు టేపు అంటించమన్నాను. అప్పటికి మా హౌస్‌కీపింగ్ ఆమె, ఆ రోజు సెలవు, వేపచెట్టు కింద నుంచి లేచి వచ్చింది. వెనకే పచ్చి బాలింత కూతురు, చేతుల్లో తడిగుడ్డ కప్పిన పసిపిల్ల.

"సారూ, ఏంది గది? టేపు అంటిస్తే ఎండ పోతదా?"

డ్రైవరు పై నుంచి అందుకున్నాడు. "ఫికర్ జెయ్యకక్కా. సార్ నీ ఇంటికి దిష్టిబొట్టు వెడ్తుండు."

అందరూ నవ్వారు. బాలింత కూడా నవ్వింది. కొద్ది నిమిషాలాగి కెమెరాలో చూశాను. నీలం రేకు మధ్యలో తెల్లగా మండుతున్న ఒక ముక్క. టేపు నిజం చెబుతోంది, చుట్టూ ఉన్న రేకంతా అబద్ధం చెబుతోంది. ఫోటో తీశాను. తర్వాత షెడ్డు లోపలికెళ్ళి పది నిమిషాలు కూర్చున్నాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది, వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. బయటికొచ్చి నీడలో ఉన్న రేకు గోడ వైపు కెమెరా తిప్పితే గోడ కనబడలేదు, కెమెరా పట్టుకున్న మనిషి ఆకారం కనిపించింది. నాదే. అద్దం లాంటిదని చెప్పాను కదా. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

"పటం సరిచేయిస్తాను. మీ క్యాంపు జాబితాలోకి వస్తుంది," అని ఆమెకు మాటిచ్చాను. ఆమె ఏమీ అడగలేదు. నా అంతట నేనే ఇచ్చాను.

శుక్రవారం మీటింగ్. సంఘం ప్రతినిధి, మా డైరెక్టరు, టీమ్ లీడ్, ఇంకో నలుగురు. నన్ను పిలవలేదు, నేనే వెళ్ళి చివరి కుర్చీలో కూర్చున్నాను. నీలం మచ్చ తెర మీదికి రాగానే లేచి ఫోటోలు బల్ల మీద పరిచాను. టేపు సంగతంతా చెప్పాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు.

"ఈ క్యాంపు చల్లగా కనబడితే ఎవరికి లాభమో ఈ గదిలో అందరికీ తెలుసు. రేకుకు మట్టి అంకె ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఇప్పుడే తేలాలి," అన్నాను.

టీమ్ లీడ్ ఒక నిమిషం నా వైపు చూశాడు. లెక్కలు చేసే ప్రోగ్రాం తెర మీద తెరిచి మెల్లగా కిందికి జరిపాడు. ఒక వరస దగ్గర ఆపాడు. అన్నిటికీ ఒకటే అంకె, 0.97. పక్కన ఇంగ్లీషులో ఒక గమనిక: 'ప్రస్తుతానికి ఇది. నగరాలకు వాడేముందు మార్చాలి.' గమనిక చివర రెండు అక్షరాలు, రాసినవాళ్ళ ఇనిషియల్స్.

నావి.

నేను చేరిన కొత్తలో పొలాల పని ఒకటి చేశాం. వరి మళ్ళు, చెరువులు, తడిమట్టి. వాటికి ఆ అంకె సరిగ్గా సరిపోతుంది. మార్చాలని నేనే రాసి, నేనే మరచిపోయాను. ఆ ప్రోగ్రాం చేతులు మారుతూ వచ్చింది. దాన్ని పొలాల నుంచి నగరం మీదికి తెచ్చినవాళ్ళెవరూ గమనిక చదవలేదు, చదవమని నేనూ చెప్పలేదు.

"ఇది మీరేనా అండి?" అన్నాడు టీమ్ లీడ్.

"నేనే."

సంఘం ప్రతినిధి కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే కంప్లయింట్ ఇచ్చినాయనే ముద్దాయి అన్నమాట!"

గదంతా నవ్వింది. డైరెక్టరు కూడా. టీమ్ లీడ్ నవ్వలేదు. అది కూడా డైరీలో రాసుకున్నాను, ఎందుకంటే అందులో రాయడానికి అలాంటివి తక్కువ.

నిలబడే చెప్పాను. "తప్పు నాది. లెక్క దిద్ది సోమవారానికి ఇస్తాను. జాబితా అప్పటిదాకా ఆపండి."

"మీవాళ్ళు ముందే పంపిన పటం చూసి జాబితా పైకి పంపేశామండి. రెండో విడతలో చూద్దాం," అన్నాడు ప్రతినిధి.

"రెండో విడత ఎప్పుడు?"

"వానల తర్వాత."

శని, ఆదివారాలు ఆఫీసులోనే ఉన్నాను. పిలవకుండానే టీమ్ లీడ్ కూడా వచ్చాడు. ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. మామూలు చిత్రాలు చూసి రేకుల కప్పులేవో విడదీశాం, వాటికి వేరే అంకె వేశాం, తేల్చలేని చోట 'ఇక్కడి కొలతను నమ్మవద్దు' అని గళ్ళు గీశాం. ఆదివారం మధ్యాహ్నం ఆ నీలం మచ్చ కళ్ళ ముందే ఎరుపెక్కింది. "ఆ రోజు మీరడిగినప్పుడే నేను వెళ్ళి చూడాల్సిందండి," అన్నాడతను. ఆ వాక్యం కోసం డైరీలో ఒక పేజీ ఖర్చయింది.

సోమవారం పొద్దున కొత్త పటంతో పాటు ఒక పేజీ నోటు సంఘానికి పంపాను, మా డైరెక్టరుకు కూడా. తప్పు ఏమిటో, అది నాదేనని, ఆ క్యాంపులో ఎన్ని ఇళ్ళున్నాయో, అక్కడొక పసిపిల్ల ఉందని రాశాను. సంతకం పెట్టాను. నా సర్వీసులో నాది తప్పని కాగితం మీద పెట్టింది అదొక్కసారే. మధ్యాహ్నానికి, నోటు తెరిచినట్టు రెండు చోట్ల నుంచీ కంప్యూటర్ రసీదులు వచ్చాయి. వాటిని ప్రింటు తీసి దాచాను.

హౌస్‌కీపింగ్ ఆమెకు కొత్త పటం చూపించాను. "గిప్పుడు మా ఇల్లు ఎర్రగయిందా సారూ? గట్లయితే పూత ఎప్పుడేస్తరు?" అంది. "వస్తారు," అన్నాను. రోజూ పొద్దున టీ పెట్టేటప్పుడు అడిగేది. పది రోజులకు అడగడం మానేసింది. అడిగినప్పటికన్నా మానేశాక ఆ టీ తాగడం కష్టమైంది.

ఏప్రిల్‌లో ఆమె రెండు రోజులు రాలేదు. పసిపిల్లకు ఒళ్ళు కాలిపోయే జ్వరమొస్తే దవాఖానకు తీసుకెళ్ళారు. పిల్ల దక్కింది. ఆ రేకుల కింద మాత్రం పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట. మూడు నెలలైనా నిండని బాలింత బిడ్డనెత్తుకుని ఎండలో బస్సెక్కి అత్తగారింటికి వెళ్ళిపోయింది. మూడో రోజు ఆమె పనిలోకి వచ్చినప్పుడు, నేను దాచుకున్న సంగతి చెప్పేశాను.

"ఆ నీలం రంగుకు కారణం నేనేనమ్మా. తప్పు అంకె వేసింది నేనే."

ఆమె కప్పు కింద పెట్టి ఆలోచించింది. "మరి సరిజేసినవు గద?"

"చేశాను."

"తప్పయిందని వాళ్ళకు జెప్పినవు గద?"

"రాసి పంపాను. చదివారు కూడా."

"మరి చదివినంక గూడ రాలేదంటే గది నీ తప్పెట్లయితది సారూ? నువ్వు అడగాల్సింది నన్ను గాదు, వాళ్ళను."

అందుకే అడుగుతున్నాను. మేలో రిటైరయ్యాను. వానలు వచ్చాయి, పోయాయి. రెండో విడత లేదు. మొదటి విడత తెల్లపూత ఒక ఆఫీసు టవర్ పార్కింగ్ కప్పుకు వేశారు. దాని కింద ఉండేది కార్లు. సంఘం వెబ్‌సైట్‌లో ఇప్పటికీ పాత పటమే ఉంది, మణికొండ అవతల ఆ నీలం మచ్చతో సహా. నెలకోసారి తెరిచి చూస్తాను, చూసి ఈమెయిల్ రాస్తాను. క్యాంపులో ఆ టేపు ముక్క ఇంకా రేకు మీదే ఉందని డ్రైవరు చెప్పాడు. ఇళ్ళలోకి ఇంకొందరు పసివాళ్ళు వచ్చారని కూడా చెప్పాడు.

కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పేది ఇది. సంచిలో ఒక టేపు చుట్ట ఉంచుకోండి. చల్లగా కనబడిన చోటికి వెళ్ళి చెయ్యి పెట్టి చూడండి. ఎవరినైనా అనుమానించేముందు, ప్రోగ్రాంలో మీ పేరున్న వరసలన్నీ ఒకసారి చదవండి.

మిగిలింది సంఘం వారికీ, మా డైరెక్టరుగారికీ. ఆ సోమవారం మధ్యాహ్నం దాకా ఆ మచ్చ నా తప్పు. రెండు రసీదులూ నా దగ్గరున్నాయి. సోమవారం మధ్యాహ్నం తర్వాత అది ఎవరి తప్పు? ఇంకో శివరాత్రి దగ్గర పడింది. నాకు సంచికలో చోటు అక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. నా నోటు తెరిచి చదివినవారు ఎవరు, చదివి ఏం చేశారు, ఆ నాలుగు వందల ఇళ్ళకు పూత ఎప్పుడు వేస్తారు? ఎండలు ముదరకముందే జవాబు చెప్పండి.